లైన్ క్లియర్ వచ్చినాకే

తెర మీద గిరగిరా తిరిగే చక్రమంటే నాకెంత కడుపుమంటో చెప్పలేను. అందుకే ఈ వారం రేణిగుంటలో ఒక కుర్రాడు చిల్లరంగడికి తాను కట్టిన యాప్ చూపిస్తే ప్రాణం లేచొచ్చింది. "చూడన్నా, నొక్కతానే మారిపోతాది" అన్నాడు. నిజమే, కందిపప్పు రెప్పపాటులో బుట్టలో పడింది.

సర్వర్ సరేనంటుందన్న నమ్మకంతో తెరను ముందే మార్చేస్తారు. కాదంటే పాత లెక్కకు తెచ్చేస్తారు. దీని పేరు ఆప్టిమిస్టిక్ అప్‌డేట్. తెరలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీలో, 2024 డిసెంబరులో వచ్చిన 19వ వెర్షన్‌లో, దీనికోసం యూజ్‌ఆప్టిమిస్టిక్ అని ప్రత్యేకంగా ఒక హుక్కే ఉంది. సెకనులో పదో వంతు లోపల స్పందిస్తే మనిషికి ఆలస్యమే తెలియదని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. మన సిగ్నళ్లతో సర్వర్ దాకా పోయొచ్చేలోపు ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది.

ఈ నమ్మకం సంగతి మా రేణిగుంట జంక్షన్‌లో చెబితే రైలోళ్లు నవ్వుతారు. గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి, ఎటు పోయే బండయినా లైన్ క్లియర్, అంటే ముందు దారి ఖాళీ అన్న అనుమతి, లేనిదే కదలదు. సింగిల్ లైన్ల కాలంలో ఆ అనుమతికి గుర్తుగా ఒక గుండు ఉండేది. అవతలి స్టేషన్ మాస్టర్ కూడా ఒప్పుకుంటేనే అది యంత్రంలోంచి బయటికొచ్చేది. ఒకటి బయటుండగా రెండోది రాదు. దాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద రింగుకు తగిలించి డ్రైవర్ చేతికి అందించేవాళ్లు. ఎదురుగా బండి రాదులే అని బయల్దేరితే, వచ్చాక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

కంప్యూటర్లోళ్లకూ ఈ తగువు పాతదే. తాళాలెందుకు, గొడవలు అరుదు గనక పని కానిచ్చి చివర్లో సరిచూసుకుందామని కుంగ్, రాబిన్సన్ అనే పరిశోధకులు 1981లో డేటాబేసుల గురించి వాదించారు. అదీ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, మన కాటూరుకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి గారు పాఠాలు చెప్పిన చోటే.

"డబ్బు కట్టే పేజీలో ఏం చేసినావు?" అని కుర్రాణ్ణి అడిగాను. "అదీ ఇట్లే పెడతానన్నా, ఫాస్టుగా ఉంటాది."

వద్దన్నాను. స్టేషన్ రోడ్డులో టీ అంగడాయన మన ఫోన్లో పచ్చటిక్కు చూసి నమ్మడు, సౌండ్‌బాక్స్ పలకాలి. డబ్బు దగ్గర, రైలు బెర్తు దగ్గర చక్రం తిరగనీ, ఫరవాలేదు. ఇది నా నోట వస్తుందని నేనే అనుకోలేదు.

వాట్సాప్ చూడండి. మెసేజ్ వెంటనే కనబడుతుంది గానీ, పోయేదాకా పక్కన చిన్న గడియారం ఉంటుంది. తొందరా ఉంది, నిజాయితీ ఉంది. ఈ కుర్రాడి యాప్‌లో మాత్రం సరుకు లేకపోతే కందిపప్పు చడీచప్పుడు లేకుండా బుట్టలోంచి మాయమవుతుంది. కొనేవాళ్లు తామే సరిగా నొక్కలేదనుకుంటారు. "స్టాకు అయిపోయింది" అని ఒక్క ముక్క రాయమన్నాను. నొక్కతానే మార్చడం కంటే అదే జాస్తి పనంట.