పోసింది తిరిగి రావాలి

వరిగడ్డి నుంచి ఇంధనం అని పేపర్లో వార్త పడ్డప్పుడల్లా నాకు ఫోన్లు వస్తాయి. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ రికవరీ చూసినవాణ్ని కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలిసి ఉంటాయని మిత్రుల నమ్మకం. "టన్నుకు ఎంత ఇథనాల్ వస్తుందండీ?" అని అడుగుతారు. గడ్డి మీద పోసిన సాల్వెంట్ ఎంత వెనక్కి వస్తుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో నైట్ షిఫ్టు చేసినవాడైతే ముందు అదే అడుగుతాడు.

గడ్డి నిండా చక్కెరే. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసులు. కాకపోతే వాటిని హెమీసెల్యులోజ్ చుట్టుకుని ఉంటుంది, సందుల్లో లిగ్నిన్ బిగుసుకుని ఉంటుంది. ఆ గొలుసులను తెంచాల్సిన ఎంజైము లోపలికి వెళ్లలేదు. ఆ బిగువు సడలించడాన్నే ప్రీట్రీట్‌మెంట్ అంటారు. పలుచటి యాసిడ్‌తో బాగా వేడిమీద ఉడికించడం పాత పద్ధతి. పని అయ్యాక ఆ యాసిడ్‌ను సున్నం వేసి చంపేస్తారు, జిప్సం మిగులుతుంది. వెనక్కి వచ్చేదేమీ ఉండదు. అలా కాకుండా కరిగించే ద్రవం పోసి, పని కాగానే దాన్ని పట్టుకుని మళ్లీ వాడుకుందామన్నది రెండో దారి.

2002లో అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం అయానిక్ లిక్విడ్‌లో సెల్యులోజ్ కరుగుతుందని చూపించాక ఈ దారిలో జనం పెరిగారు. ఇవి ఉప్పులే, కానీ వంద డిగ్రీల లోపే ద్రవంగా ఉంటాయి. ఈ పని ఒక ల్యాబులో దగ్గరుండి చూశాను. ఫ్లాస్కులో తేనెరంగు చిక్కటి ద్రవం, అందులో గడ్డి పొడి, 120 డిగ్రీల వేడి. మూడు గంటల్లో అంతా నల్లటి డికాక్షన్ అయింది. దాంట్లో నీళ్లు పోయగానే సెల్యులోజ్ మెత్తటి ముద్దలుగా విడిపోయింది. వేళ్ల మధ్య నలిపితే గడ్డి గరుకు ఎక్కడా తగల్లేదు. అంత మెత్తబడ్డాక ఎంజైముకు పెద్ద పని ఉండదు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఆ ముద్దను ఫొటోలు తీస్తున్నారు. నేను మాత్రం పక్కన బీకరులోకి తీసిన గోధుమరంగు నీళ్లనే చూస్తున్నాను. ఖరీదైన సరుకంతా అందులోనే ఉంది మరి.

అయానిక్ లిక్విడ్ ఆవిరి కాదు, తేలిగ్గా మంట అంటుకోదు. దాని గురించి చెప్పే గొప్పంతా అదే. రికవరీ దగ్గరికొచ్చేసరికి ఆ గుణమే అడ్డం. ఆవిరయ్యే సాల్వెంటైతే డిస్టిలేషన్ కాలమ్ పైనుంచి శుభ్రంగా పట్టుకోవచ్చు. ఇదేమో అడుగున కూర్చుంటుంది. పోసిన నీళ్లన్నీ మరిగించి పంపాలి, స్టీము ఖర్చు. గడ్డి నుంచి దిగిన పొటాష్ లవణాలు, లిగ్నిన్ ముక్కలు, కొంత చక్కెర దాంతోనే మిగిలిపోతాయి. మొదటి బ్యాచ్ ఎవరికైనా బాగానే వస్తుంది. పదో బ్యాచ్‌కు ఆ తేనెరంగు ఉండదు, పనితనమూ ఉండదు. పోనీ ముద్దలో కాస్త వదిలేద్దామా అంటే ఎంజైముకు, ఈస్టుకు అది పడదు. మళ్లీ కడగాలి, మళ్లీ నీళ్లు.

ఆవిరయ్యే సాల్వెంట్‌తో ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోనే రివర్‌సైడ్‌లో చార్లెస్ వైమన్ బృందం టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) వాడింది. అది 66 డిగ్రీలకే మరుగుతుంది, పట్టుకోవడం సులువు. మా వాళ్లకు బాగా అలవాటైన సాల్వెంటే. దాన్ని అడుగంటా ఎండగొట్టకూడదని, పెరాక్సైడ్లు పేరుకుని పేలిపోతుందని కొత్త ఆపరేటర్‌కు మొదటి రోజే చెప్తాం.

ఇక లెక్క. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022లో ప్రారంభించిన ప్లాంటుకు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అని చెప్పారు. అంటే కిలో గడ్డికి 150 మిల్లీలీటర్లు. కిలో గడ్డికి పది కిలోల సాల్వెంట్ పోశామనుకుందాం, ల్యాబుల్లో ఇది మామూలే. 98 శాతం రికవరీ అంటే మా ఫ్యాక్టరీల్లో మేనేజరు భుజం తడతాడు. ఇక్కడ ఆ మిగతా 2 శాతమే 200 గ్రాములు. 150 మిల్లీలీటర్ల ఇంధనం కోసం 200 గ్రాముల సాల్వెంట్ పోగొట్టుకున్నట్టు! 99.9 శాతానికి వస్తే పది గ్రాములు, అప్పుడు మాట్లాడుకోవచ్చు. మందులో నష్టం కిలో వేలల్లో అమ్ముడుపోయే సరుకు మీద పడి కనపడకుండా పోతుంది. ఇంధనం అమ్మేది పెట్రోలు పక్కన.

కాగితం సంగతీ అడుగుతుంటారు. తెల్ల కాగితంలో లిగ్నిన్‌ను పేపరు మిల్లువాడే తీసేసి ఉంటాడు, కాబట్టి దానికి ఈ తంటా పెద్దగా అక్కర్లేదు. న్యూస్‌ప్రింట్‌లో మాత్రం కట్టెను యంత్రంతో నూరిన గుజ్జు ఉంటుంది, లిగ్నిన్ పోదు. పాత పేపరు ఎండకు పచ్చబడేది అందుకే. అయినా పనికొచ్చే పాత పేపర్ని ఇంధనానికి పంపడం నాకు నచ్చదు. అది మళ్లీ కాగితం కావాలి. పీచు అరిగి పొట్టిదైపోయి మిల్లు బురదలో చేరినదాన్ని వాడుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ మిల్లులూ బతుకుతున్నది రికవరీ మీదే. కట్టె ఉడికించగా మిగిలే నల్ల లిక్కర్‌ను చిక్కబరిచి బాయిలర్లో కాల్చి, స్టీము తీసుకుని, రసాయనాన్ని వెనక్కి రాబట్టుకుంటారు.

మన దేశంలో సాల్వెంట్ పోసే ఆ రెండో దారి పట్టిన పెద్ద ప్లాంటు అస్సాంలో గోలాఘాట్ దగ్గర ఉంది. నుమాలిగఢ్ రిఫైనరీ, ఫిన్లాండ్ సంస్థలతో కలిసి కట్టింది, 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. ముడిసరుకు వెదురు, సాల్వెంట్ ఫార్మిక్ యాసిడ్. ఏడాదికి 49 వేల టన్నుల ఇథనాల్ లక్ష్యం. ఫార్మిక్ యాసిడ్ మరిగేది 100.8 డిగ్రీల దగ్గర, నీళ్లు 100 దగ్గర. రెండింటినీ విడదీయడం ఎంత తలనొప్పో కాలమ్ దగ్గర నిలబడ్డవాడికే తెలుస్తుంది. ఒక ఊరట ఉంది. హెమీసెల్యులోజ్ విడిపోయేటప్పుడు వెదురే అసిటిక్ యాసిడ్‌ను ఇస్తుంది. దాన్ని, దాంతోపాటు వచ్చే ఫర్‌ఫ్యూరాల్‌ను కూడా అమ్ముకోవచ్చు. అక్కడికి వెళ్లే వీలు దొరికితే ఇథనాల్ ట్యాంకులు చూపించకపోయినా ఫర్వాలేదు. ప్రతి నెలా కొత్తగా ఎన్ని ట్యాంకర్ల ఫార్మిక్ యాసిడ్ తెప్పిస్తున్నారో స్టోర్స్ రిజిస్టరు ఒక్కసారి తిరగేయనిస్తే చాలు.