గాజు చాటు సెగ

న్యూజెర్సీలో చలి ముదిరి గ్యాస్ ఫైర్‌ప్లేస్ వెలిగించే రోజులొస్తే, నేను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ బయటికి తీస్తాను. మంట బాగా అందుకున్నాక గాజు, పక్క గోడ, పైన మాంటెల్ పలక, కింద నేల వరుసగా కొలుస్తాను. ఇష్టంగా చేసే పని ఇది. హాయి ఎక్కడిదాకా, ప్రమాదం ఎక్కడినుంచి అన్నది కళ్ళకు తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది.

వంటింటి పొయ్యి దగ్గరికి పోకూడదని పిల్లలకు త్వరగానే తెలుస్తుంది. ఫైర్‌ప్లేస్ మంట గాజు వెనక ఉంటుంది కాబట్టి ఆ జంకు ఉండదు. కానీ ఆ గాజు 200 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. మంట ఆపాక చల్లారడానికి ముప్పావుగంట పట్టొచ్చు. తప్పటడుగుల పిల్లలు తూలితే రెండు చేతులూ ముందుకు చాపి ఆనుకుంటారు. అందుకే ఎక్కువగా కాలేవి అరచేతులే. పెద్దవాళ్ళలా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కోవడం వాళ్ళకు రాదు. వాళ్ళ చర్మమూ పలచన.

చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ పరిశోధించి 1947లో ప్రచురించారు. 44 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు గంటలు. అక్కడినుంచి 51 దాకా డిగ్రీ పెరిగినప్పుడల్లా ఆ సమయం సుమారు సగానికి పడిపోతుంది. 60 దగ్గర కొన్ని సెకన్లే. ఇక 200 సంగతి వేరే చెప్పాలా?

ఇలాంటి గాయాల వల్లే అమెరికాలో ప్రమాణాలు మారాయి. 2015 నుంచి తయారైన ఫైర్‌ప్లేస్‌లలో గాజు వేడి 78 డిగ్రీలు, అంటే 172 ఫారన్‌హీట్, దాటేట్టయితే ముందు రక్షణగా జాలీ తెర ఉండాల్సిందే. అంతకుముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్ళు ఆ తెర ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే తమ మోడల్‌కు సరిపోయేది విడిగా కొనాలి. జాలీ కూడా వేడెక్కుతుంది, అయినా గాజు కన్నా చాలా తక్కువ.

సంక్రాంతికి ఇక్కడి మన ఇళ్ళలో కొందరు మాంటెల్ మీదే బొమ్మల కొలువు పెడతారు, పూలదండలు వేలాడదీస్తారు. ఫైర్‌ప్లేస్ ఎక్కువగా వెలిగేదీ అప్పుడే. చెక్క పలకకు, అలంకరణకు ఎంత దూరం ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్లో రాసి ఉంటుంది. పైన టీవీ బిగించేవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి: చాలా టీవీలు చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. థర్మామీటర్‌తో కొలిచేవాళ్ళకు ఒక హెచ్చరిక: మెరిసే ఇత్తడి, స్టీలు మీద అది అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి చెయ్యి పెట్టొద్దు.

పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు నా మనవి: గాజుకు మూడడుగుల దూరంలో కంచె పెట్టండి. రిమోట్ పిల్లలకు అందకుండా దాచండి. ఏటా టెక్నీషియన్‌తో తనిఖీ చేయించండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూడండి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మకు, తాతయ్యకు ఆ గాజు సంగతి మొదటిరోజే చెప్పండి.