2147483647: ఆయిలర్ నిగ్గు తేల్చిన సంఖ్య

2147483647 ఒక ప్రధాన సంఖ్య. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. విలువ 2³¹ − 1 కాబట్టి ఇది 2ⁿ − 1 రూపంలో ఉండే మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోవలోనిది, ఆ వరుసలో ఎనిమిదోది. ఘాతాంకమైన 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే. అలా రెండు మెట్లూ ఎక్కిన సంఖ్యలు ఇప్పటికి తెలిసినవి నాలుగే: 7, 127, 2147483647, 2¹²⁷ − 1. 2147483647ను 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. అంటే దాన్ని మినహాయించి దాని భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుంది.

2147483647 ప్రధాన సంఖ్యేనని ఇటలీకి చెందిన గణితవేత్త కతాల్ది ముందే అన్నాడు. ఈ కోవకు పేరిచ్చిన మెర్సెన్ 1644లో ఇలాంటి ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాంకాల జాబితాలో 31ని చేర్చాడు. అయితే కతాల్ది చెప్పిన 23, 37 ఘాతాంకాలను ఫెర్మా, 29ని ఆయిలర్ తప్పని తేల్చారు. మెర్సెన్ జాబితాలోనూ 67, 257 తప్పని తేలాయి. మాట ఎంత పెద్దవాళ్లదైనా నిరూపణ లేనిదే నిలవదు.

ఆ నిరూపణను 1772లో లియొనార్డ్ ఆయిలర్ లోకానికి అందించాడు. అప్పటికి అరవై దాటిన వయసు, చూపు దాదాపు పోయింది. వర్గమూలం దాకా, అంటే 46340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే వేలకొద్దీ భాగహారాలు. ఆయన ముందు జల్లెడ పట్టాడు. ఈ సంఖ్యకు ప్రధాన భాజకం ఉంటే దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63. ఈ జల్లెడలో మిగిలే ప్రధాన సంఖ్యలు వందలోపే. వాటిలో ఒక్కటీ దీన్ని నిశ్శేషంగా భాగించలేదు. శ్రమను ఇంతగా తగ్గించి, సందేహానికి ఇంత తక్కువ చోటు మిగిల్చిన పనితనం గణితంలోనే అరుదు! 1876లో ఎడ్వర్డ్ లూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యేనని నిరూపించిన తీరూ అసాధారణమే. అయినా బాట వేసినవాడు ఆయిలరే.

నేడు ఈ సంఖ్య ధన, రుణ విలువలు రెండూ ఉండే 32 బిట్ల కంప్యూటర్ పూర్ణాంకాల గరిష్ఠ హద్దుగా మాత్రమే చాలామందికి తెలుసు. 1970 నుంచి సెకన్లు లెక్కించే పాత వ్యవస్థలు 2038 జనవరి 19న ఈ హద్దును తాకుతాయి. తెలుసుకోదగ్గ విషయమే, కానీ సంఖ్య ఘనత అందులో లేదు, ఆయిలర్ నిరూపణలో ఉంది. అయినా నిరూపణ ఊసే లేని “అద్భుత సంఖ్యల” సందేశాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. కారణం చెప్పని షార్ట్‌కట్లను కోచింగ్ పుస్తకాలు గణితమని అమ్ముతున్నాయి. ఇది పిల్లల ఆలోచనకు చేస్తున్న ద్రోహం.

ఉపాధ్యాయులు ఆయిలర్ పద్ధతిని నల్లబల్ల మీద ఒక్కసారి చేసి చూపించాలి. అందుకు 2¹³ − 1, అంటే 8191 చాలు. దాని భాజకాలకు 26తో శేషం 1, 8తో శేషం 1 లేదా 7 ఉండాలి. వర్గమూలమైన 90 లోపు అలాంటి ప్రధాన సంఖ్య 79 ఒక్కటే. 79తో భాగిస్తే శేషం 54. కాబట్టి 8191 ప్రధాన సంఖ్య.