అక్షరం కొట్టేలోపే దొరికే ఫైలు

డీటీపీ సెంటర్ నడిపేవాళ్ల కంప్యూటర్లలో వేలకొద్దీ ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, నిరుడు వేసిన గృహప్రవేశం కార్డు. ఏది ఏ డ్రైవ్‌లో దాచారో దాచినవాళ్లకే గుర్తుండదు. విండోస్ వెతుకులాట గడిలో పేరు కొట్టి, పైన ఆకుపచ్చ గీత మెల్లగా కదులుతుంటే చూస్తూ కూర్చోవాలి. అలాంటివాళ్లెవరైనా అడిగితే నేను మొదట చెప్పే ఉచిత ప్రోగ్రామ్ ‘ఎవ్రీథింగ్’. వాయిడ్‌టూల్స్ పేరుతో డేవిడ్ కార్పెంటర్ అందిస్తున్న ఈ చిన్న పనిముట్టులో ఉన్నంత శుభ్రమైన పనితనం పెద్ద పెద్ద కంపెనీల ప్రోగ్రాముల్లోనూ అరుదు.

తెర మీద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. పైన టైపు చేసుకునే గడి, కింద జాబితా. ఒక్కో అక్షరం కొడుతుంటే జాబితా కుదించుకుంటూ వస్తుంది, ఎంటర్ నొక్కే పని కూడా లేదు. కొత్తగా వేసిన విండోస్ 10లో సుమారు 1,20,000 ఫైళ్లుంటాయి. వాటన్నిటినీ నమోదు చేసుకోవడానికి దీనికి పట్టేది దాదాపు ఒక సెకను. 10 లక్షల ఫైళ్లయినా ఒక నిమిషం. అప్పుడు కూడా అది వాడుకునే ర్యామ్ 75 ఎంబీ దగ్గరే ఉంటుంది.

ఈ వేగం ప్రాసెసర్‌ను పరిగెత్తించి తెచ్చుకున్నది కాదు. విండోస్ డిస్కుల్లో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఏర్పాటు 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. అందులో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పట్టిక ఉంటుంది. డిస్కులోని ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డర్‌కూ అందులో ఒక పద్దు ఉంటుంది, సాధారణంగా 1 కేబీ. మామూలు వెతుకులాట ఒక్కో ఫోల్డర్ తెరుస్తూ, లోపలికి దిగుతూ పోతుంది. ఊళ్లో ఒక మనిషి కోసం ఇల్లిల్లూ తలుపు తట్టినట్టు. కార్పెంటర్ నేరుగా ఓటర్ల జాబితా తెరిచారు. జాబితా ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని చదివితే చాలునని గ్రహించడంలో ఉంది ఆయన ప్రతిభ.

ఆ పద్దులో ఫైలు పూర్తి చిరునామా రాసి ఉండదు. దాని పేరు, అది ఉన్న ఫోల్డర్ తాలూకు పద్దు సంఖ్య ఉంటాయి. ఆ ఫోల్డర్ పద్దు తీస్తే దానికి పైనున్న ఫోల్డర్ సంఖ్య దొరుకుతుంది. అలా ఎక్కుకుంటూ పోతే 5వ నంబరు పద్దు దగ్గర ఆగుతాం, అదే డ్రైవ్‌కు మూలం. ఈ పొందికలో ఒక అందం ఉంది. పది వేల ఫైళ్లున్న ఫోల్డర్ పేరు మార్చామనుకోండి. చూసేవాళ్లకు పది వేల చిరునామాలు మారిపోయాయి, డిస్కు మీద మాత్రం మారింది ఆ ఫోల్డర్ పేరొక్కటే. ఎవ్రీథింగ్‌కు కూడా కబురు అందేది ఆ ఒక్క ఫోల్డర్ గురించే. అయినా లోపలి ఫైళ్లన్నీ వెంటనే కొత్త దారితో కనిపిస్తాయి.

ఆ కబురు మోసేది విండోస్ 2000 నాటినుంచీ ఉన్న యూఎస్‌ఎన్ జర్నల్. ఏ ఫైలు పుట్టినా, పోయినా, పేరు మారినా డిస్కు అందులో రాసుకుంటుంది. మనం ప్రోగ్రామ్ మూసేసి మర్నాడు తెరిస్తే, అది ఎక్కడ చదవడం ఆపిందో అక్కడినుంచి జర్నల్ అందుకుంటుంది. మొదటినుంచీ మళ్లీ వెతకదు.

ఏది చెయ్యకూడదో కూడా దీనికి బాగా తెలుసు. ఫైళ్ల లోపలి విషయాన్ని మామూలుగా ముందే నమోదు చేసి పెట్టుకోదు. లోపలి మాటలు వెతకమంటే వెతుకుతుంది గానీ నెమ్మదిగా. పేర్లకే కట్టుబడటం వల్లే మిగతాదంతా ఇంత తేలికగా ఉంది. మామూలు పెన్‌డ్రైవ్‌లలో ఆ పట్టికా జర్నలూ ఉండవు కాబట్టి వాటి ఫోల్డర్లను మనమే విడిగా చేర్చుకోవాలి.

తెలుగువాళ్లకు ఇందులో మరో లాభం ఉంది. విండోస్ వెతుకులాట మామూలుగా పదం మొదటినుంచి పోల్చుకుంటూ వస్తుంది. ఎవ్రీథింగ్‌కు పేరులో ఎక్కడున్న ముక్కయినా ఒకటే. మనం పదాలు అతికించి రాస్తాం కదా, ‘గృహరుణపత్రాలు’ అని పేరు పెట్టిన ఫైలు ‘రుణ’ అని కొట్టినా దొరుకుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో పెళ్లిని నలుగురు నాలుగు రకాలుగా రాసినా, అందరూ ఒప్పుకునే మూడు అక్షరాలు కొడితే సరిపోతుంది.

దీని సోర్సు కోడ్ బయటకు ఇవ్వలేదు. డిస్కు పట్టికను నేరుగా చదవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావాలి గనక, ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. చదివే పనిని వెనక ఒక సర్వీసుకు అప్పగించి, మనకు కనిపించే కిటికీని మామూలు హక్కులతోనే నడిపే వీలు ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ దారే ఎంచుకోమంటాను.

చిన్న ప్రోగ్రామ్ ఏది ఎంచుకోవాలన్నా నేను చూసేది ఇదే: తన పనికి హద్దు గీసుకుందా, ఆ హద్దు లోపల పని పూర్తిగా చేస్తుందా అని. క్షిష్తోఫ్ కొవాల్చిక్ 2006లో విడుదల చేసిన సుమత్రా పీడీఎఫ్ అలాంటిదే. ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఒక్క ఫైలుగా నడిపించుకోవచ్చు. పాత పుస్తకాల స్కాన్లు డీజావూ రూపంలో ఉన్నా తెరుస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, తెరిచిన పీడీఎఫ్‌కు అది తాళం వెయ్యదు. ప్రూఫు తెరిచి ఉండగానే దిద్దుబాటు చేసి అదే పేరుతో మళ్లీ పీడీఎఫ్ తీస్తే, మూసి తెరవకుండానే కొత్త పేజీ కళ్ల ముందుకొస్తుంది.

ఇగోర్ పావ్లోవ్ 1999లో మొదలుపెట్టిన 7-జిప్ ఇన్‌స్టాలర్ 2 ఎంబీ కూడా ఉండదు. జిప్, రార్, ఐఎస్‌ఓ, ఏదిచ్చినా విప్పుతుంది, ప్రకటనలుండవు. కాకపోతే కొత్త వెర్షన్ వచ్చినా అది తనంతట తాను మారదు. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైళ్లకు విండోస్ ఒక హెచ్చరిక గుర్తు వేస్తుంది. అలాంటి ఆర్కైవ్ లోపల మరో ఆర్కైవ్ ఉండి, దాన్ని విప్పినప్పుడు అందులోని ఫైళ్లకు ఆ గుర్తు అందకుండా పోయే లోపం పాత వెర్షన్లలో ఉండేది, 24.09లో సరిచేశారు. మీ కంప్యూటర్‌లో అంతకన్నా పాతది ఉంటే ‘7-జిప్ డాట్ ఆర్గ్’ నుంచి కొత్తది వేసుకోండి, ఇంకే సైటు నుంచీ వద్దు.