అన్నం వద్దనే బిడ్డ: గోరుముద్దల పాటల పునఃపరిశీలన

చందమామను చూపి గోరుముద్దలు తినిపించే జానపద గేయాలను మాతృవాత్సల్యానికి నిదర్శనాలుగా వివరించడం పరిపాటి. ఆ వివరణలో బిడ్డ నిరాకరణ కేవలం మారాంగా మిగిలిపోతుంది. బిడ్డ బక్కచిక్కితే నింద దిష్టి మీదో, తల్లి పెంపకం మీదో పడుతుంది.

2007లో ఇంగ్లండ్, వేల్స్‌లలో జన్మించిన కవలలపై జరిగిన ‘జెమిని’ అధ్యయనం ఈ నిందను పునరాలోచింపజేస్తుంది. పాలు తాగే దశలోనే శిశువుల మధ్య కనిపించే వ్యత్యాసాలలో జన్యువుల వాటా, త్వరగా కడుపు నిండే లక్షణంలో 72 శాతమనీ, నెమ్మదిగా తాగే లక్షణంలో 84 శాతమనీ పరిశోధకులు 2010లో అంచనా వేశారు. ఈ దృష్టితో చదివితే గోరుముద్దల పాటలో మరొక పార్శ్వం కనిపిస్తుంది. ముద్ద చిన్నది, ముద్దకూ ముద్దకూ నడుమ ఒక చరణమంత వ్యవధి ఉంటుంది. బిడ్డ సహజ వేగాన్ని గుర్తించి తల్లి తన వేగాన్ని సర్దుకొంటుంది.

అయితే ఈ శాతాలు ఒక జనసమూహంలోని తేడాలను మాత్రమే వివరిస్తాయి; ఏ ఒక్క బిడ్డ బక్కతనానికీ కారణాన్ని నిర్ణయించవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో ఐదేళ్లలోపు పిల్లలలో 32.1 శాతం మంది వయసుకు తగిన బరువు లేనివారు. పేదరికం, అనారోగ్యం కలిగించిన కృశత్వాన్ని వారసత్వం ఖాతాలో వేయడం అన్యాయం.

గిన్నెలో అన్నం ఉందన్న భరోసాపైనే ఈ పాటలు నడుస్తాయి. అన్నం వద్దనే బిడ్డనూ, అన్నం అందని బిడ్డనూ వేరుచేసి చూడడం విమర్శకుని ప్రథమ కర్తవ్యం.