తనిఖీ ఎవరికి?

1998 మే 28 సాయంత్రం. ప్రొద్దుటూరులో ఒక టీ అంగడి రేడియోలో పాకిస్తాన్ చాగై పేలుళ్ల వార్త వచ్చింది. పదిహేడు రోజుల కింద, మే 11న, పోఖ్రాన్ వార్త విన్నదీ అక్కడే. ఈసారి పక్కనున్న తెలిసినాయన నవ్వుతూ అన్నాడు: "ఏం భాయ్, మీవాళ్లూ పేల్చినారంట గదా!"

హాస్యానికే అన్నాడు. అయినా గ్లాసు కింద పెట్టేశాం. మే 11న పేల్చినవాళ్లు మాత్రం మావాళ్లు కారన్నమాట.

ఆ ఏడాదే జస్వంత్ సింగ్ అమెరికా పత్రిక 'ఫారిన్ అఫైర్స్'లో ఒక వ్యాసం రాశారు. అణు వర్ణవివక్షకు వ్యతిరేకంగా అని దాని పేరు. అప్పటికి వాజపేయి సలహాదారు, కొద్ది నెలలకే విదేశాంగ మంత్రి. మన అణువిధానాన్ని సమర్థించిన రాతల్లో మేం చదివినంతలో బలమైనది అదే.

వాదం సూటిగా ఉంటుంది. 1968 నాటి ఎన్.పి.టి. ప్రకారం 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన ఐదు దేశాలూ పెద్దమనుషులు. మిగతావాళ్లు తలుపులు తీసి తనిఖీకి నిలబడాలి. 1995లో ఈ ఏర్పాటును శాశ్వతం చేశారు. 1996లో సి.టి.బి.టి.కీ భారత్ ఒప్పుకోలేదు. ఒకరి దగ్గరుంటే బాధ్యత, ఇంకొకరి దగ్గరుంటే ప్రమాదమా?

న్యాయమైన ప్రశ్నే. మాకంటే బాగా ఎవరికి తెలుసు? బాడుగ ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. పేరు చెప్పాక ఇల్లు ఖాళీ లేదంటారు. క్రికెట్ మ్యాచ్ రోజు మా ముఖాలు వెతుకుతారు. అమెరికా బాంబుకు మతం లేదు, పాకిస్తాన్‌ది ఇస్లామిక్ బాంబు. ఆ మాట వచ్చి మా మసీదు గోడకు కూడా అంటుకుంటుంది.

అందుకే సగం దాకా తలూపుతూ చదివాం. వివక్ష పోవాలంటున్నారా, వివక్ష చేసేవాళ్ల వరుసలో తమకూ కుర్చీ వేయమంటున్నారా? మొదలు నిరాయుధీకరణ, తేలింది కుర్చీ దగ్గర. వర్ణవివక్ష అన్న మాటను ప్రపంచానికిచ్చిన దక్షిణాఫ్రికా బాంబులు విప్పేసి 1991లో అదే ఎన్.పి.టి.లో చేరింది. (దిగిపోయే ముందు తెల్లపాలకులు చేసిన పనే, నిజమే.)

జమ్మలమడుగులో మావాళ్ల దుకాణాల్లో అబ్దుల్ కలాం ఫొటో గోడకెక్కింది. ఆయన మీద మాకు గౌరవమే. కానీ కాబా పటం పక్కన అది గుర్తింపు కార్డులా వేలాడుతుంటే ఆయనకూ మర్యాద కాదు, మాకూ కాదు. రామేశ్వరం పిల్లవాడు రాకెట్ చేస్తే తప్ప మేము ఈ దేశంవాళ్లం కామా?

ఇక పులివెందుల. పక్కనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2008లో అణు సరఫరాదారుల బృందం, ఎన్.పి.టి. సంతకం లేకుండానే, మన దేశానికి వ్యాపారం తలుపు తీసింది. ఒప్పందంలో 22 రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీకి, 8 బయట. దిగుమతి యురేనియానికి లెక్క చెప్పాలి. మన మట్టిలో తవ్వినదానికి ఆ నిర్బంధం లేదు, కావాలంటే బాంబుకైనా వాడుకోవచ్చు. కుర్చీకి దారి మా జిల్లా మీదుగానే వెళ్లింది.

గని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల కె.కె. కొట్టాల వంటి ఊళ్ల రైతులు అరటితోటలు దెబ్బతిన్నాయని, బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొరపెడుతున్నారు. యురేనియం కార్పొరేషన్ కాదంటుంది. అణు సంగతులు దాచుకోడానికి 1962 నాటి అణుశక్తి చట్టం ఎలాగూ ఉండేది. అసమాన ఒప్పందాన్ని అంత గట్టిగా నిలదీసిన ఆ వ్యాసం పట్టుకుని కొట్టాల బోరు దగ్గర నిలబడి చూడండి. అక్కడివాళ్లు అడిగేది తనిఖీయే. నీళ్లు పరీక్ష చేయండి, ఏం తేలిందో మాకు చెప్పండి అంటున్నారు.