వెయ్యి, మూడు వందలు, అయిదు పదులు

కేంబ్రిడ్జ్‌లో ఆన్‌సైట్‌లో ఉండగా ఒక ఆదివారం యాష్‌వెల్ వెళ్లాను. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో చిన్న ఊరు. దాని సెయింట్ మేరీ చర్చి గోపురం మాత్రం 176 అడుగులు. చాలావరకు పద్నాలుగో శతాబ్దపు కట్టడం. వాడిన రాయి క్లంచ్ అనే మెత్తటి సుద్దరాయి, మొనదేలిన ఇనప ముక్కతో ఇట్టే గీయొచ్చు. అందుకే లోపల ఎటు చూసినా రాతలే. ఒకరు లండన్ పాత సెయింట్ పాల్స్ కెథడ్రల్ బొమ్మ గీశారు. ఇంకొకరు మూలల్లో అతుకులు సరిగ్గా కుదరలేదని తిట్టిపోశారు. అచ్చం మా కోడ్ రివ్యూ కామెంటే!

నేను వెళ్లింది గోపురం లోపలి గోడ మీది ప్లేగు రాత కోసం. ఒక థియరీ కూడా వెంట తీసుకెళ్లాను. 1348లో వచ్చిన ప్లేగు పనివాళ్లని మింగేసింది కాబట్టే, తీగలల్లినట్టుండే డెకరేటెడ్ కిటికీలు పోయి నిలువు గీతల పర్పెండిక్యులర్ శైలి వచ్చిందని. వినడానికి బావుంటుంది. కానీ గ్లాస్టర్‌లో ఆ నిలువు గీతలు 1330లలోనే మొదలయ్యాయి. ప్లేగు దిగేటప్పటికే శైలి పుట్టి ఉంది. అసలు ఆ పేర్లు కూడా 1817లో థామస్ రిక్‌మన్ తన పుస్తకంలో పెట్టినవి. ఘోరం జరిగితే రూపం మారి తీరాలన్నది విమర్శకుల కోరిక, అంతే.

గోడ మీది లాటిన్ రాత సంవత్సరాన్ని అంకెల్లా చెప్పదు. వెయ్యి, మూడు వందలు, అయిదు పదులు అని లెక్కపెడుతుంది. మన శాసన పద్యాల్లో శకవర్షాన్ని ఛందస్సులో ఇమిడ్చినట్టే. మొదటి పాదంలో మధ్య మాటకీ చివరి మాటకీ ప్రాస. మిగిలిన దిక్కులేని జనమే సాక్షి అంటుంది. కింద 1361 నాటి పెనుగాలి ప్రస్తావన. కొత్త రూపమేమీ లేదు. ఊళ్లో మనుషులు పోతున్నా, పాత ఛందస్సునే పట్టుకుని తేదీ నిలబెట్టారు.

2021లో ఒక కోవిడ్ కవితని ‘కవిత్వం కాదు, రిపోర్టు’ అని కొట్టిపారేశాను. అందులో వార్డు, మంచం నెంబర్లు ఉన్నాయని నా ఫిర్యాదు. తిరుగు రైల్లో ఫోన్లో వెతికి మళ్లీ చదివాను. మంచం నెంబరు పై పాదంతో ప్రాస కలిసింది.

అప్పుడు నాకు వినపడలేదు.